మేనబావతో పెళ్లి మనకు ముచ్చట, ఇంకొకరికి రోత. ఎందుకని?

చైత్రగాలి | దిల్‌సుఖ్‌నగర్

అందరికీ నమస్తే. మాది నల్గొండ దిక్కు. నాన్న ఉద్యోగం వల్ల నా చిన్నప్పుడే సిటీకి వచ్చేశాం. నేను మాదాపూర్‌లో పని చేస్తున్నాను. మా మేనత్త కొడుకుతో నాకు పెళ్లి మాటలు నడుస్తున్నాయి. బావంటే నాకు ఇష్టమే, ఎవరి బలవంతమూ లేదు.

మొన్న లంచ్‌లో ఈ సంగతి మా టీమ్‌లో చెప్పాను. రాజస్థాన్ అమ్మాయి ఒకామె తినడం ఆపేసి, "అన్నతో పెళ్లా?" అంది. వెటకారం కాదు. ఆమెకు నిజంగానే కడుపులో తిప్పింది, ముఖం చూస్తే తెలిసిపోయింది. వాళ్లింట్లో మేనత్త కొడుక్కి రాఖీ కడతారట. పక్కనే ఉన్న టోలీచౌకీ అమ్మాయి, "ఇందులో ఏముంది? మా అక్కను మా చిన్నాన్న కొడుక్కే ఇచ్చాం" అంది. ఈసారి తిప్పింది నా కడుపులో. చిన్నాన్న కొడుకంటే అన్న కదా!

ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం, ముగ్గురం చదువుకున్నవాళ్లమే. ఒకరికి సహజమైంది ఇంకొకరికి పాపం. మా ముగ్గురిలో ఎవరం పుస్తకం చూసి నేర్చుకోలేదు, ఒళ్లే చెబుతోంది. అసలు ఇంత లోతుగా మనలోకి ఇది ఎలా దిగుతుంది? ఇందులో నిజంగా తప్పొప్పులు ఉన్నాయా, లేక పుట్టిన ఇంటిని బట్టేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లకుంట మాస్టారు

అమ్మా, ఎవరూ నేర్పలేదంటున్నారు. రోజూ నేర్పారు. పిల్ల మాటలు పలికే వయసు నుంచే ఇంట్లో మొదలయ్యే చదువు అది.

అమ్మ అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, చిన్నమ్మ. నాన్న అన్నదమ్ములు పెద్దనాన్న, చిన్నాన్న. అంటే వాళ్లంతా అమ్మానాన్నల లెక్కే, వాళ్ల పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అమ్మ అన్నదమ్ములు మామలు, నాన్న అక్కచెల్లెళ్లు అత్తలు, వాళ్ల పిల్లలు బావలు, మరదళ్లు. పెళ్లయ్యాక వచ్చే అత్తామామలకూ అవే పిలుపులు. "బావ వచ్చాడే, సిగ్గు పడవేం?" అని నాలుగేళ్ల పిల్లను పెద్దవాళ్లు ఆట పట్టిస్తారు. చిన్నాన్న కొడుకు విషయంలో ఆ పరిహాసం పొరపాటున కూడా ఎవరూ ఆడరు. ఏ మనిషితో నవ్వవచ్చు, ఎవరి ముందు తలవంచాలి, ఎవరిని ఎప్పటికీ ఆ దృష్టితో చూడకూడదు అన్నది పిల్లకు పదేళ్లు వచ్చేసరికి ఒంటపట్టేస్తుంది. వావి వరుసలు అంటే ఇదే. మీ రాజస్థాన్ స్నేహితురాలి ఇంట్లో ఈ నలుగురి పిల్లలూ భాయీ, బహెన్‌లే. ఆమెకు నేర్పిన చదువు ప్రకారం ఆమెకు కడుపులో తిప్పడం న్యాయమే.

ఈ అమరిక ఒక్క తెలుగువాళ్లది కాదు. తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ, గోండుల్లోనూ ఇదే పద్ధతి. 1871లో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా పండితుడు ప్రపంచంలోని ఎన్నో జాతుల బంధుత్వ పదాలు పోగు చేసి చూస్తే, న్యూయార్క్ ప్రాంతపు ఇరోక్వా తెగల పిలుపులూ మన దక్షిణాది పిలుపులూ దాదాపు ఒకే పోలికలో కనిపించాయి. అక్కడా పిన్నమ్మ తల్లి లెక్క, పినతండ్రి తండ్రి లెక్క. ఒకరినొకరు ఎన్నడూ చూడని జనాలు మరి!

హర్యానా ఆడపడుచు | కూకట్‌పల్లి

నేను పుట్టింది రోహ్తక్ పక్కన పల్లెలో, మెట్టింది ఖమ్మం జిల్లాలో. ఇరవై ఏళ్లుగా తెలుగులోనే బతుకుతున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

ఆ రాజస్థాన్ అమ్మాయి తరఫున నేను చెబుతాను. మా దగ్గర సొంత గోత్రంలో చేసుకోరు, తల్లి గోత్రంలో చేసుకోరు, చాలా ఇళ్లలో నానమ్మ గోత్రం కూడా వదిలేస్తారు. అక్కడితో ఆగదు. ఊళ్లో ఆడపిల్లలంతా ఊరి మగపిల్లలకు చెల్లెళ్లే, కులం ఏదైనా. కొన్నిచోట్ల పొలిమేర కలిసిన ఊళ్లు కూడా అన్నదమ్ముల ఊళ్లే. అందుకని పిల్లను దూరం ఇస్తారు. మా తాత తన కూతుర్ని ఇచ్చిన ఊళ్లో మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు, ఆడపిల్ల సొమ్ము తినకూడదని.

ఇక్కడికి వచ్చాక మా ఆడపడుచును అదే ఊళ్లో, రెండు వీధుల అవతల, సొంత మేనమామ కొడుక్కి ఇచ్చారని తెలిసింది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. కానీ తరవాత చూస్తూ వచ్చాను. మా వదిన అత్తగారింట్లో చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకి వెళ్లి గిన్నె మూత తీసి చూసేది. నా చిన్నప్పటి స్నేహితురాళ్లు మామగారి ముందు ముఖం మీద ముసుగు లాక్కుని, గొంతు కూడా వినబడకుండా బతికారు. ముక్కూ ముఖం తెలియని ఇంటికి వెళ్లే పిల్ల భయం ఈ ఊళ్లో నాకు కనిపించలేదు.

అయినా మా అబ్బాయికి మేనరికం అంటే ఇప్పటికీ ఒప్పుకోలేను. బుద్ధికి అందింది, ఒంటికి అందలేదు. చైత్రగాలి గారు అడిగిన ప్రశ్న అందుకే నాకు చాలా పెద్దది.

హుస్సేనీఆలం గల్లీ | పాతబస్తీ

నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను, ఇంట్లో మాట్లాడేది దక్కనీ. మా లెక్క చెబుతాను.

మాకు చాచా (చిన్నాన్న), మామూ (మేనమామ), ఖాలా (పిన్ని), ఫుప్పీ (మేనత్త), నలుగురి పిల్లలతోనూ నికా చేసుకోవచ్చు. చేసుకోవాలని కాదు, అడ్డు లేదని. కానీ ఖురాన్ నాలుగో సూరా 23వ ఆయత్‌లో ఎవరెవరు కూడదో వరసగా ఉంది. అందులో అక్కచెల్లెళ్ల కూతుళ్లు ఉన్నారు. అంటే మేనకోడలు హరాం. బడిలో నా పక్కన కూర్చునే దోస్తు వాళ్ల అక్కను సొంత మేనమామకు ఇస్తున్నారని శుభలేఖ తెచ్చిన రోజు నాకు నోట మాట రాలేదు. మామూ అంటే మాకు తండ్రి తరవాత తండ్రి. మరి వాళ్లింట్లో మా అన్నకూ చాచా కూతురికీ పెళ్లి సంగతి చెప్పినప్పుడు వాళ్లమ్మ చెవులు మూసుకుంది. ఇద్దరం భోజనాలు మాత్రం రెండు పెళ్లిళ్లలోనూ కడుపునిండా చేశాం.

ఇంకొకటి. అదే ఆయత్‌లో పాలు తాపిన తల్లి, ఆ పాలు పంచుకున్న అక్కచెల్లెళ్లు కూడా ఉన్నారు. పురిట్లో తల్లికి బాగోక పక్కింటావిడ బిడ్డకు పాలిస్తే, ఆమె పిల్లలు ఆ బిడ్డకు తోబుట్టువులైపోతారు. పెళ్లి కుదరదు. రక్తం చుక్క కూడా కలవకపోయినా అన్నాచెల్లెళ్లే. మా నానమ్మ ఎవరికి ఎవరు పాలిచ్చారో మొహల్లా మొత్తం గుర్తు పెట్టుకునేది.

కొండాపూర్ 84

మాస్టారు చెప్పినదాన్ని బట్టి అసలు సూత్రధారి భాష. హిందీలో అందరికీ ఒకే పిలుపు, కాబట్టి అందరూ తోబుట్టువులు. మనకు రెండు పిలుపులు, కాబట్టి రెండు రకాల మనుషులు. భాష ఎలా విభజిస్తే మనసు అలా చూస్తుంది. మేనబావను చిన్నప్పటి నుంచి అన్నా అని పిలిపించి ఉంటే చైత్రగాలి గారు ఈ పెళ్లి ఊహించగలిగేవారా?

హుస్సేనీఆలం గల్లీ | పాతబస్తీ

@కొండాపూర్ 84, అన్నా, మా ఇళ్లల్లో నిశ్చయం అయ్యేదాకా భాయ్ అనే పిలుస్తారు. మా అక్క మా బావను పదిహేనేళ్లు భాయ్‌జాన్ అంది. తరవాత అదే మనిషితో నికా. పిలుపు ఎక్కడా అడ్డం రాలేదు.

పాలక్కాడ్ రైలు | సికింద్రాబాద్

నేను రైల్వేలో పని చేస్తూ కేరళలో చాలాకాలం ఉన్నాను. కొండాపూర్ గారి వాదన అక్కడ నిలబడదు. మలయాళంలో కూడా వరసైన పిల్లకు, పిల్లవాడికి వేరే పేర్లున్నాయి. మేనమామ కూతురి మీద హక్కు ఉందనే పాత కథలు వాళ్లకూ బోలెడు. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి చేసుకున్న స్త్రీలు దేశం మొత్తం మీద 11 శాతం. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో సుమారు నాలుగో వంతు. తెలంగాణలో అంతకంటే తక్కువ. దక్షిణాదిలో కేరళ ఒక్కటే చాలా కిందికి పడిపోయింది.

పదాలు అలాగే ఉన్నాయి, మనసులు మారిపోయాయి. నాతో పనిచేసిన మలయాళీ కుర్రాళ్లకు మేనమామ కూతురితో పెళ్లి అంటే ఇబ్బంది. వాళ్ల తాతలకు అదే గొప్ప సంబంధం. ఆడపిల్లల చదువు, ఉద్యోగాల కోసం దేశాలు పట్టిపోవడం, తరవాడు అనే పాత ఉమ్మడి ఇళ్లు పంచుకుని విడిపోవడం, ఇవన్నీ కలిసి ఒకటి రెండు తరాల్లో ఆ పని చేశాయని నా నమ్మకం. పిలుపులు నేర్పడం వరకు భాష పని. ఆ పిలుపు వెనక ఏ భావం పెట్టాలో సంఘం చెబుతుంది. సంఘం మాట మారితే పిలుపు ఉండీ ప్రయోజనం లేదు.

కాచిగూడ కాకు

మా మరాఠీ ఇళ్లల్లో ఇంకో తిరకాసు. మామ కూతురిని చేసుకోవచ్చు. మేనత్త కూతుర్ని మాత్రం చాలా కులాల్లో చేసుకోరు. మీకు రెండూ సమానమే కదా? మేము మీకూ ఉత్తరాదికీ మధ్యలో ఉన్నాం, ఆచారంలోనూ అంతే.

నల్లకుంట మాస్టారు

కాకు గారూ, చాలా మంచి సంగతి చెప్పారు. ఈ ఉత్తర దక్షిణాల గొడవ ఎంత పాతదో చూడండి. బౌధాయన ధర్మసూత్రం క్రీస్తుకు పూర్వపుదని పండితులు అంటారు. అందులో దక్షిణాదివాళ్ల ఆచారాలు అయిదు, ఉత్తరాదివాళ్లవి అయిదు, పరస్పరం ఒప్పుకోనివంటూ బౌధాయనుడు ఇచ్చాడు. దక్షిణాది జాబితాలో మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్లాడటం ఉంది. భార్యతో కలిసి భోంచేయడం కూడా అక్కడే ఉంది! ఉత్తరాది జాబితాలో ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, సముద్రయానం లాంటివి. ఆ తరవాత ఆయన చెప్పిన తీర్పు ఏమిటంటే, ఎవరి దేశంలో వాళ్ల ఆచారం తప్పు కాదు, అక్కడిది ఇక్కడ చేస్తే దోషం. మరో ధర్మసూత్రకారుడు గౌతముడు దీన్ని ఒప్పుకోలేదని కూడా ఆయనే రాశాడు.

తరవాత కుమారిల భట్టు మేనమామ కూతుర్ని చేసుకునే దక్షిణాదివాళ్లను తప్పుపట్టాడు. విజయనగర కాలంలో మాధవాచార్యుడు పరాశర స్మృతికి వ్యాఖ్య రాస్తూ అదే ఆచారాన్ని శాస్త్రంతో సమర్థించాడు. చైత్రగాలి గారి లంచ్ బల్ల దగ్గర జరిగిన వాదనే ఇది, వందల ఏళ్లుగా మహాపండితులు చేస్తూ వచ్చారు.

పురాణాల్లోనూ మనకు కావలసింది మనం ఉంచుకున్నాం. సుభద్ర అర్జునుడికి మేనమామ కూతురు. ఆ కథ అందరిదీ. కానీ అభిమన్యుడికీ బలరాముడి కూతురు శశిరేఖకూ పెళ్లి చేసింది మాత్రం వ్యాసుడు కాదు. వ్యాస భారతంలో శశిరేఖే లేదు. వరసైన పిల్ల వేరే ఇంటికి పోకూడదనే పట్టుదల మన జనానిది, అందుకే ఆ కథ మన దగ్గర అంతగా వేళ్లూనుకుంది.

పేరు చెప్పను

ఇంతసేపూ చదివాను. ఆచారం బాగుంది, అత్తగారింట్లో భయం ఉండదు అని హర్యానా ఆడపడుచు గారు రాశారు. ఆమె మంచి మనసుతోనే రాశారు. నా సంగతి కూడా ఇక్కడ ఉండాలి.

నన్ను సొంత మేనమామకు ఇచ్చారు. అప్పటికి ఇంటర్ అయిపోయింది, డిగ్రీలో చేరాలనుకున్నాను. నాకంటే చాలా పెద్దవాడు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి, తీర్థంలో బొమ్మలు కొనిచ్చిన మనిషి. "మన పిల్ల మన ఇంట్లోనే ఉంటుంది, పొలం చీలిపోదు, కట్నం బాధ లేదు" అన్నారు. నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు. అడగకపోవడం తప్పని కూడా వాళ్లకు తెలియదు, అదే నాకు ఎక్కువ బాధ. మా అమ్మమ్మకు మనవరాలు కోడలవుతోందన్న సంతోషం ఎంతంటే, నా ఏడుపు ఆమెకు పెళ్లికూతురి సిగ్గులా కనిపించింది.

తరవాత తరవాత కష్టం వచ్చింది. వేరే ఆడపిల్లకైతే పుట్టిల్లు ఉంటుంది. నాకు పుట్టిల్లు ఎక్కడ? మొగుడి మీద చెప్పుకోవాలంటే మా అమ్మకే చెప్పుకోవాలి, ఆయన ఆమె తమ్ముడు. ఆమె ఎవరి పక్షం నిలబడుతుంది? నేను నోరు తెరిస్తే రెండిళ్లు కాదు, ఒకటే ఇల్లు నిలువునా చీలుతుంది. అందుకని మాట్లాడలేదు.

ఏది తప్పు, ఏది ఒప్పు అని ఊరూరికీ మారుతుందని మీరంతా చెబుతున్నారు. మారుతుంది, కాదనను. కానీ ఆ ఊళ్లన్నిటిలోనూ తీర్పు చెప్పినవాళ్లు ఎవరు? రోహ్తక్‌లో ముసుగు వేసుకున్న పిల్లనూ అడగలేదు, మా ఊళ్లో నన్నూ అడగలేదు.

హర్యానా ఆడపడుచు | కూకట్‌పల్లి

అక్కా, మీరు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. నేను చూసింది మా వదిన ఒక్కరి ఇల్లు. దాన్ని బట్టి అందరికీ లెక్క కట్టకూడదు, నిజమే. మా వైపు గోత్రం కలిసిందనీ, ఒకే ఊరనీ పిల్లలను చంపిన ఇళ్లు కూడా ఉన్నాయి. అక్కడా అడగలేదు. మీతో విడిగా మాట్లాడాలని ఉంది, మీకు ఇష్టమైతేనే.

వకీలు చెట్టు | నాంపల్లి

"పొలం చీలిపోదు" అన్న మాట మీద ఆగుతాను. వృత్తి రీత్యా ఎక్కువగా కనిపించేది అదే. కూతురికి వాటా లేని రోజుల్లో కట్నం రూపంలో పోయే సొమ్ము మేనరికంలో తిరిగి ఇంటికే వస్తుంది. మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన వాటా వచ్చింది, ఆ రోజుకు పెళ్లి కాని కూతుళ్లకు. దేశమంతటికీ 2005లో వచ్చింది. వాటా వచ్చాక కొన్ని కుటుంబాల్లో మేనరికం మీద పట్టు ఇంకా పెరగడం చూశాను, ఆ వాటా బయటికి పోకూడదని. ప్రేమ, ఆచారం, సంప్రదాయం అని మనం పిలిచేవాటి కింద ఎకరాలు కూడా ఉంటాయి.

ఇక చట్టం. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య, మేనమామ మేనకోడళ్ల మధ్య పెళ్లి నిషిద్ధమే. తండ్రి వైపు అయిదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు సపిండులు, అంటే పెళ్లి కూడని రక్తబంధువులు. అయితే ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటే పెళ్లి చెల్లుతుంది అని అదే చట్టంలో మినహాయింపు ఉంది. మన మేనరికాలన్నీ నిలబడింది ఆ ఒక్క మినహాయింపు మీదే. అంటే మామూలు నియమం ఉత్తరాదిది, మినహాయింపు దక్షిణాదిది. చట్టం రాసిన చేతులకు కూడా ఒక ఊరు ఉంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు చదువుతుంటే ఒక సంగతి. అక్కడ సుమారు సగం రాష్ట్రాల్లో మేనబావ, చిన్నాన్న కొడుకు అనే తేడా లేకుండా ఈ పెళ్లిళ్లన్నీ నిషేధం. ఇంగ్లండ్‌లో అభ్యంతరం లేదు. చార్లెస్ డార్విన్ 1839లో చేసుకున్న ఎమ్మా వెడ్జ్‌వుడ్ ఆయనకు స్వయానా మేనమామ కూతురు.

మల్లేపల్లి మిత్రుడు

ఇంతమంది వావి వరుసల గురించి మాట్లాడారు, కులం మాట ఎవరూ ఎత్తలేదు. అది లేకుండా ఈ లెక్క పూర్తి కాదు.

మా ఊళ్లో కుమ్మరాయనను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన భార్య అత్త. పండక్కి వాళ్లింట్లో సకినాలు తినేవాణ్ణి. వరస ప్రకారం ఆయన కూతురు నాకు మరదలు, ఊరంతా అలాగే పరాచికాలాడేది. ఊళ్లో అన్ని కులాలవాళ్లూ ఒకరికొకరు ఏదో ఒక వరస. పొరుగూరివాళ్లు చూస్తే ఒకే కుటుంబం అనుకోవాలి. కానీ ఆ పిలుపు నిజమని నమ్మి ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే ఊరు రెండయ్యేది. నేను కావలసినంత మామా అనొచ్చు, అల్లుణ్ణి కాలేను. మా దళితవాడ పిల్లలకైతే ఆ వరస కూడా అన్ని ఇళ్లూ ఇచ్చేవి కావు. ఎవరిని వరస కలిపి పిలవాలో, ఎవరిని పేరు పెట్టి పిలవాలో కూడా ఊరే నేర్పింది.

కాబట్టి చైత్రగాలి గారూ, మీ సహోద్యోగి "ఇంత దగ్గరా?" అని అడిగారు. నేను అడిగేది, "ఇంత దూరం ఎందుకు కూడదు?" అని. రెండు గోడలూ మన లోపలే కట్టారు. దగ్గరి గోడ గురించి వాదించుకుంటున్నాం, దూరపు గోడ చాలామందికి కనిపించనే కనిపించదు. మేనబావంటే రోతపడేవాళ్లూ మురిసిపోయేవాళ్లూ ఇద్దరూ కులం దగ్గరికొచ్చేసరికి ఒకే మాట మీద ఉంటారు.

సూక్ష్మదర్శిని | తార్నాక

మల్లేపల్లి గారి మాటకు శాస్త్రం వైపు నుంచి బలం ఉంది. మన ఊళ్లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. భారతదేశంలో చాలా సముదాయాలు కొద్దిమంది పూర్వికుల నుంచి వచ్చి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని జన్యువుల్లో తేలింది. మేనరికం చేసుకోని కులంలో కూడా, కులం లోపలే చేసుకుంటే, భార్యాభర్తలు తమకు తెలియని దూరపు చుట్టాలే. తెలుగువాళ్లలోనే ఒక సముదాయంలో, ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును విరగ్గొట్టే ఎంజైమ్ లోపం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. మత్తు డాక్టర్లు దీన్ని గుర్తు పెట్టుకుంటారు. అక్కడ మేనరికం ఒక్కటే కారణం కాదు, గిరి గీసుకుని బతకడం కారణం.

ఇప్పుడు దగ్గరి చుట్టరికం లెక్క. మేనత్త కొడుకు, చిన్నమ్మ కొడుకు, చిన్నాన్న కొడుకు, మేనమామ కొడుకు, వీళ్లలో ఎవరితోనైనా మనం పంచుకునే జన్యువులు సగటున ఎనిమిదో వంతు. చైత్రగాలి గారికి ఒకటి ముచ్చటగా, ఇంకొకటి రోతగా అనిపించినా జన్యువుల లెక్కలో తేడా లేదు. మేనమామతో అయితే నాలుగో వంతు, రెట్టింపు దగ్గర.

2013లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో పుట్టిన పిల్లల మీద పెద్ద పరిశోధన వచ్చింది. పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా 3 శాతం ఉంటే, తల్లిదండ్రులు ఇలా తోబుట్టువుల పిల్లలైనప్పుడు 6 శాతం దాకా వెళ్లాయి. రెట్టింపు అంటే చిన్న విషయం కాదు. అదే సమయంలో నూటికి తొంభై నాలుగు మంది పిల్లలు ఆ లోపాలు లేకుండానే పుడుతున్నారు. "మా ఇంట్లో మూడు తరాలుగా చేసుకున్నాం, ఏమీ కాలేదు" అనేవాళ్లదీ, "పుట్టే బిడ్డ అవిటిదే" అని భయపెట్టేవాళ్లదీ, రెండూ సరి కాదు. తరతరాలుగా అదే రెండిళ్ల మధ్య ఇచ్చి పుచ్చుకుంటూ ఉంటే మాత్రం ఆ ఎనిమిదో వంతు లెక్క ఇంకా పెరుగుతుంది. మన ఇళ్లల్లో జరిగేది తరచు అదే.

కొండాపూర్ 84

ఇంకో కోణం. ఒకే ఇంట్లో పసితనం నుంచి కలిసి పెరిగినవాళ్ల మధ్య ఆకర్షణ పుట్టదని కొందరి వాదన. తైవాన్‌లో ఒకప్పుడు కాబోయే కోడల్ని పసిబిడ్డగా తెచ్చి కొడుకుతో పాటే పెంచేవారు. అలాంటి పెళ్లిళ్లలో పిల్లలు తక్కువ, విడాకులు ఎక్కువ అని ఆర్థర్ వుల్ఫ్ అనే పరిశోధకుడు చూపించాడు. అయితే అంతా నేర్పితే వచ్చేదే అనలేం కదా? కొంత ఒంట్లోనే ఉందేమో.

పాలక్కాడ్ రైలు | సికింద్రాబాద్

ఉండొచ్చు. కానీ ఆ ఒంటికి కూడా ఎవరితో కలిసి పెరగాలో నిర్ణయించేది ఇల్లే కదా. మన దగ్గర బావ సెలవులకు వచ్చి పోతాడు, చిన్నాన్న కొడుకు అదే మండువాలో పక్కనే పడుకుంటాడు. ఉమ్మడి కుటుంబం పోయి అందరూ తలో అపార్ట్‌మెంట్‌లో పెరుగుతుంటే ఇప్పటి పిల్లలకు ఇద్దరూ సెలవులకు కనిపించే కజిన్లే. మా అమ్మాయి మేనబావను కూడా కజిన్ అనే అంటుంది, రాఖీ కూడా కట్టింది. ఇంట్లో ఎవరూ వద్దనలేదు.

చైత్రగాలి | దిల్‌సుఖ్‌నగర్

అందరి జవాబులూ బావకు కూడా చూపించాను. @పేరు చెప్పను, మీ మాట చదివాక మా అత్తను ఒకటి అడిగాను: రేపు నాకూ బావకూ పడకపోతే నువ్వు నా మేనత్తగా ఉంటావా, అత్తగారిగా ఉంటావా అని. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరవాత, "ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు, ఆలోచించి చెబుతా" అంది. చెప్పేదాకా నిశ్చితార్థం ముహూర్తం పెట్టొద్దని నాన్నతో చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది, అయినా సరే.

@సూక్ష్మదర్శిని గారూ, మేమిద్దరం పరీక్షలు చేయించుకోవాలనుకుంటున్నాం. ఎక్కడ, ఏమేం?

హుస్సేనీఆలం గల్లీ | పాతబస్తీ

నాక్కూడా చెప్పండి. మా చెల్లికి ఖాలా కొడుకుతో మాట అయిపోయింది. వాళ్లకూ ఇవేనా?

సూక్ష్మదర్శిని | తార్నాక

ఇద్దరికీ ఒకటే. నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ (జన్యు వైద్యం) విభాగం ఉంది, ముందు అక్కడ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. పెళ్లికి ముందే, తేదీలు పెట్టుకోకముందే వెళ్తే మంచిది, మనసు స్థిమితంగా ఉంటుంది. ఇద్దరికీ రక్తపరీక్షలో థలసీమియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బులు చూస్తారు. ఇద్దరూ థలసీమియా వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకపోయినా ఆ జన్యువు మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒక్కరే అయి, రెండోవారు సికిల్ సెల్ లాంటి వాటికి కూడా వాహకులు కాకపోతే ఆ భయం లేదు. ఇంట్లో జబ్బు చరిత్రను బట్టి మిగతా పరీక్షలు డాక్టర్ చెబుతారు, అన్నీ అందరికీ అక్కర్లేదు.

వెళ్లేటప్పుడు కనీసం మూడు తరాల వంశవృక్షం కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. ఎవరు ఎవరిని చేసుకున్నారో, పసితనంలో పోయిన పిల్లలు, పుట్టు చెవుడు, మాట రానివాళ్లు, మూర్ఛలు ఉన్నవాళ్లు, ఆగిపోయిన గర్భాలు, అన్నీ. ఇవి ఇళ్లల్లో మగవాళ్లకు సరిగా తెలియవు, నానమ్మలూ అమ్మమ్మలూ కూడా అందరి ముందూ చెప్పరు. ఒక్కరే ఉన్నప్పుడు కూర్చుని అడగండి.